లిచీ తొక్క మీది మందు

పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే డాక్టర్లు ఓఆర్‌ఎస్‌తో పాటు ఒక్కోసారి ఓ చిన్న పొట్లం కూడా రాస్తారు. కత్తిరిస్తే లోపల లేత గోధుమరంగు పొడి. ఫ్లేవరేమీ కలపనిదైతే పులిసిన బ్రెడ్డుపిండి వాసన. అందులో ఉన్నది ఎండబెట్టిన ఈస్టు. నీళ్లు తగిలితే మళ్లీ లేస్తుంది. పేరు శాకరోమైసిస్ బులార్డీ. అది దొరికింది ఇండోచైనాలో, పళ్ల తొక్కల మీద.

1920ల తొలినాళ్లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బులార్ అక్కడ వెతుకుతున్నది కలరా మందు కాదు, పులియబెట్టడానికి పనికొచ్చే కొత్త ఈస్టు. అదే సమయంలో అక్కడ కలరా ప్రబలింది. లిచీ, మాంగోస్టీన్ తొక్కలు మరగబెట్టిన కషాయం తాగేవాళ్లు తట్టుకుంటున్నారని ఆయన గమనించాడంటారు. ఆ పళ్ల నుంచే ఈస్టును వేరుచేశాడు. 1947లో దాని హక్కులు ఫ్రాన్సులోని బయోకోడెక్స్ కంపెనీ చేతికి వచ్చాయి.

ఇక్కడే ఓ మెలిక ఉంది. మరిగిన కషాయంలో ఈస్టు బతకదు. నీళ్లు కాచి తాగడమే కలరాకు సగం అడ్డుకట్ట. కాబట్టి కషాయం చేసిన మేలంతా ఈ ఈస్టు ఖాతాలో వేయలేం.

అసలు పండు మీద శాకరోమైసిస్ ఈస్టులు దొరకడమే అరుదు. పగిలిన తొక్క నుంచి రసం ఊరగానే ముందు చేరేవి హన్సేనియాస్పోరా, పిచియా వంటి అడవి ఈస్టులు. మైక్రోస్కోపులో హన్సేనియాస్పోరా అచ్చం నిమ్మకాయలా కనిపిస్తుంది. వీటిని కాయ నుంచి కాయకు మోసేది ఈగలు, కందిరీగలు. 1999లో ద్రాక్షపళ్లను పరీక్షిస్తే, దెబ్బతినని పళ్లలో వెయ్యింటికి ఒకదాని మీదే వైన్ ఈస్టు ఉంది. చిట్లినవాటిలో నాలుగింట ఒకదాని మీద ఉంది.

బులార్డీ కూడా ఆ వైన్ ఈస్టు బంధువే. చాలాకాలం వేరే జాతి అనుకున్నారు. జన్యువులు చదివాక బ్రెడ్డుకూ వైనుకూ వాడే సెరెవిసియే జాతిలోదేనని తేలింది. దీని ప్రత్యేకత, మన ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర హాయిగా పెరగడం. బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ దీన్నేమీ చేయదు. పేగుల్లో ఇది వదిలే ఓ ఎంజైము విరేచనాలు తెచ్చే క్లోస్ట్రిడియం డిఫిసిలే బ్యాక్టీరియా విషాన్ని ముక్కలు చేస్తుంది. అయినా అక్కడే స్థిరపడదు. వాడకం ఆపిన కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది.

పొట్లాన్ని వేడి పాలలోనో నీళ్లలోనో కలపకండి, ఈస్టు చచ్చిపోతుంది. ఐసీయూలో ఉన్నవారికి, రక్తనాళంలో సెంట్రల్ లైన్ వేసినవారికి, రోగనిరోధకశక్తి బాగా తగ్గినవారికి ఇది ఇవ్వకూడదు; రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తేవచ్చు. ఓఆర్‌ఎస్‌కు మాత్రం ఇది ప్రత్యామ్నాయం కాదు.