గేజి 1676, కుదరని దశాంశం

ఖరగ్‌పూర్‌లోని ఖరిదా తెలుగు ఇళ్ళలో వర్క్‌షాపు మాట లేకుండా పూట గడవదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళ మనవలు కొందరు ఇప్పుడు ప్రోగ్రాములు రాస్తున్నారు. నేనూ ఆ బాపతే. ఫౌండ్రీ తెలిసిన ఇంట్లో టెంప్లేట్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు: మూస ఒకటే, పోసే లోహం మారుతుంది. అయితే సీ ప్లస్ ప్లస్ మూసలో ఏ లోహమైనా పోసుకోవచ్చన్న మాట ముప్పై ఏళ్ళు దాటినా పూర్తిగా నిజం కాలేదు.

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1988లో ఈ ఆలోచన బయటపెట్టాడు. 1991లో సీఫ్రంట్ 3.0 కంపైలర్‌తో అది జనం చేతికొచ్చింది. మనం రాసుకున్న క్లాసుకూ, భాషతోపాటే పుట్టిన పూర్ణాంక రకం ఇంట్‌కూ పంక్తిభోజనం పెట్టాలన్నది ఆశయం. కానీ ఇంట్ సీ భాష నుంచి కట్టుబట్టలతో వచ్చింది. దానికి సభ్యులు లేరు, దాన్నుంచి వారసత్వమూ రాదు. టెంప్లేట్‌లో రకానికి బదులు నిలిచే టీ అనే పేరుని తల్లి క్లాసుగా పెట్టి, ఆ టీ స్థానంలో ఇంట్ అన్నారా, కంపైలర్ తిప్పికొడుతుంది. మామూలు పాయింటర్‌ది ఇంకో ఇబ్బంది: నువ్వు చూపించేది ఏ రకం అని అడిగితే చెప్పే నోరు దానికి లేదు. 1994లో స్టెపనోవ్ లైబ్రరీ ఎస్టీఎల్‌ను ప్రమాణంలోకి తీసుకున్నాక, పాయింటర్ తరఫున జవాబు చెప్పడానికి ఐటరేటర్ ట్రెయిట్స్‌ను పక్కన కూర్చోబెట్టారు. 2004లో జావా ఆ తలనొప్పే వద్దనుకుంది. ఇంట్‌ని గుమ్మం బయటే నిలబెట్టి, ఇంటిజర్ అనే డబ్బాలో పెట్టుకు రమ్మంది. మరుసటి ఏడు సీ షార్ప్ మాత్రం లోపలికి రానిచ్చింది.

నన్ను ఎక్కువగా ఏడిపించింది మాత్రం టెంప్లేట్‌కి రకం బదులు విలువ ఇచ్చే సంగతి. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. పట్టాల లెక్కలకు టెంప్లేట్ రాసి 1676 ఇస్తే పేచీ లేదు. అదే మీటర్లలో 1.676 అని డబుల్ అనే దశాంశ రకంలో ఇస్తే ఒప్పుకునేది కాదు. మొదట్లో ఇది వట్టి చాదస్తం అనుకున్నాను. కాదు. డబుల్‌లో 0.1ని పదిసార్లు కూడితే సరిగ్గా 1 రాదు. టెంప్లేట్‌కి ఇచ్చిన విలువ మారితే రకమే వేరైపోతుంది. మరి 1తో చేసిన రకం, ఆ కూడికతో చేసిన రకం ఒకటేనా? కంపైల్ చేసే యంత్రం ఒకలా, నడిపే యంత్రం ఇంకోలా గుండ్రం చేస్తే ఎవరి మాట చెల్లాలి? 2011 ప్రమాణం రేషియో ఇచ్చింది: దశాంశం వదిలేసి 1676, 1000 అని రెండు పూర్ణాంకాలు రాసుకోవడం. వర్క్‌షాపులో మా నాన్న ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే చెప్పేవాడు, ఆయనకీ దశాంశాలు గిట్టవు.

2020 ప్రమాణం డబుల్‌కి తలుపు తీసింది. అదీ షరతు మీదే: విలువలు అచ్చంగా ఒకటైతేనే రకం ఒకటి. అందుకే మామూలు పోలికలో సమానమైన సున్నా, మైనస్ సున్నా ఇక్కడ రెండు వేర్వేరు రకాలు. కొత్త కంపైలర్ వచ్చినా నా పాత ఫైల్లో రేషియో అలాగే ఉంది.