హోంసైన్సు పట్టా: ధర, విలువ

హోంసైన్సు పట్టాకు ఖర్చెంత, దానివల్ల వచ్చే జీతమెంత అని లెక్కకట్టి, ఈ చదువు గిట్టుబాటు కాదని తేల్చేవారి మాటలు తరచు వింటున్నాను. ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఆ లెక్క అవసరమే, కాదనను. అయితే ఆ లెక్కలో ధర వుంది గాని విలువ లేదు. ఈ రెండూ ఎలా విడిపోయాయో తెలియాలంటే చరిత్ర చూడాలి.

ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు ఎలెన్ స్వాలో రిచర్డ్స్. 1870లో అమెరికాలోని మాసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆమెను రసాయనశాస్త్రం చదవడానికి చేర్చుకొని, ఫీజు వద్దన్నది. తన పేదరికం చూసి దయతలచారని ఆమె అనుకొన్నది. అసలు సంగతి వేరు. ఎవరైనా ఆక్షేపిస్తే ఈమె మా విద్యార్థిని కాదని తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు. ముందే తెలిసివుంటే చేరేదాన్ని కాదని ఆమె తరవాత చెప్పుకొన్నది. ఫీజు మాఫీ చేసి మనిషినే లెక్కలోంచి తీసేశారన్నమాట! 1873లో పట్టా పొంది, తాగునీటిని, ఆహారపు కల్తీని పరీక్షించిన ఈ శాస్త్రజ్ఞురాలే 1899లో లేక్ ప్లాసిడ్‌లో మొదలైన సమావేశాలను నడిపింది. 1909లో ఏర్పడిన అమెరికన్ హోం ఎకనమిక్స్ సంఘానికి తొలి అధ్యక్షురాలయింది.

ఈ ఉద్యమానికి రెండు ముఖాలున్నాయి. ప్రయోగశాల తలుపులు మూసిన సమాజంలో స్త్రీలు వంటింటి గుమ్మంగుండా శాస్త్రంలోకి ప్రవేశించారు. అదే సమయంలో, ఇల్లు స్త్రీ బాధ్యత అనే పాతమాటకు శాస్త్రపు ముద్ర పడింది. 1917 నాటి స్మిత్-హ్యూజ్ చట్టం వృత్తివిద్యకు ప్రభుత్వధనం ఇచ్చినప్పుడు మగపిల్లలకు సేద్యం, యంత్రాలు, ఆడపిల్లలకు గృహవిజ్ఞానం అనే విభజన మరింత గట్టిపడింది.

మనదేశంలోనూ ఈ వైరుధ్యం కనిపిస్తుంది. ఢిల్లీలో లేడీ ఇర్విన్ కళాశాల 1932లో ప్రారంభమైంది. బరోడాలో ఈ శాఖను నిలబెట్టడానికి, కార్నెల్‌లో 1936లో డాక్టరేటు పొందిన నల్లజాతి అమెరికన్ విదుషి ఫ్లెమీ కిట్రెల్ 1950లో వచ్చింది. అప్పుడు ఆ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షురాలు హంసా మెహతా. 1960ల తొలినాళ్ళలో ఆమె అధ్యక్షతన పనిచేసిన సంఘమే, ఆడపిల్ల అయినందువల్ల హోంసైన్సు చదవాలనడం తగదని తేల్చింది. ఆ శాస్త్రాన్ని పెంచిన చేతులే దాని సంకెలను విప్పబోయాయి.

మరి జీతం ఎందుకు తక్కువ? ఆ శాస్త్రం పరిశీలించే శ్రమ ఇంట్లో వుచితంగా దొరకడమే అందుకు ముఖ్యకారణమని నా అభిప్రాయం. 2019 నాటి జాతీయ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానిమీద వెచ్చించారు. ప్రభుత్వమూ ఇదే పద్ధతి అనుసరిస్తున్నది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో పిల్లల పోషణ, పూర్వప్రాథమిక విద్య చూసే అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేదాన్ని జీతమనరు, గౌరవవేతనమంటారు.

1994లో అమెరికన్ సంఘం తన శాస్త్రానికి కుటుంబ, వినియోగదారుల శాస్త్రాలని పేరు మార్చింది. పేరులో వినియోగదారు చేరాడు. ఇంటిచాకిరీ చేసే మనిషి మాత్రం కనపడలేదు.

కనుక ఫీజులు తగ్గించమని విద్యార్థులు అడగడం న్యాయమే. దానితోపాటు ఈ చదువు మగపిల్లలకూ నేర్పమని, ఈ శ్రమకు జీతమిమ్మని కూడా అడగాలి. ఇంటిపని వుచితంగా సాగినంతకాలం ఆ పట్టాకు సరైన ధర రాదు.