కృష్ణబిలాల నుంచి హోలోగ్రఫీ వరకు: ఒక వివాద చరిత్ర

క్వాంటం గురుత్వ పరిశోధన చరిత్రను సాధారణంగా విజయాల వరుసగా చెబుతారు. నిజానికి దానిని ముందుకు నడిపించింది ఒక అభిప్రాయభేదం. ప్రిన్స్‌టన్‌లో జాన్ వీలర్ శిష్యుడైన జేకబ్ బెకెన్‌స్టైన్ 1972లో కృష్ణబిలానికి ఎంట్రోపీ ఉంటుందనీ, అది ఘటనాదిగంత వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుందనీ ప్రతిపాదించారు. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రత, ఉష్ణోగ్రత ఉంటే వికిరణం ఉండాలి. కాంతిని సైతం వెలికి రానివ్వని కృష్ణబిలానికి అది పొసగదని స్టీఫెన్ హాకింగ్ వ్యతిరేకించారు. 1974లో ఆ వికిరణాన్ని గణించి, తాము ఖండించిన వాదానికే ఆయన ఆధారం సమకూర్చారు.

ఆ గణన మరో చిక్కును తెచ్చింది. కృష్ణబిలం ఆవిరైపోతే అందులో పడిన సమాచారం నశిస్తుందని 1976లో హాకింగ్ వాదించారు. అదే నిజమైతే క్వాంటం యాంత్రికశాస్త్రపు పునాదే కదులుతుంది. ఒక ప్రదేశంలో ఇమిడే సమాచారానికి అవధి ఘనపరిమాణం కాదు, హద్దు వైశాల్యమే అన్న భావనను 1993లో గెరార్డ్ ట్‌హూఫ్ట్ ముందుంచగా, లియొనార్డ్ సస్కైండ్ దానిని స్ట్రింగ్ సిద్ధాంతంతో అనుసంధానించారు. 1996లో ఆండ్రూ స్ట్రామింజర్, కుమ్రున్ వాఫా ఐదు మితుల ప్రత్యేక కృష్ణబిలాల సూక్ష్మస్థితులను లెక్కించి, వైశాల్య సూత్రపు విలువనే రాబట్టారు. ఆంటీ డి సిట్టర్ స్థలకాలంలోని గురుత్వ సిద్ధాంతమూ, దాని హద్దుపై గురుత్వం లేని క్వాంటం క్షేత్ర సిద్ధాంతమూ సమానమని 1997లో హువాన్ మాల్దసేనా ప్రతిపాదించారు. హద్దు సిద్ధాంతంలో సమాచారం నశించదు. 2004లో డబ్లిన్ సదస్సులో హాకింగ్ తమ వాదాన్ని విరమించుకున్నారు.

అయినా చర్చ ముగియలేదు. త్వరణంతో విస్తరిస్తున్న మన విశ్వం ఆంటీ డి సిట్టర్ స్థలకాలం కాదు. సమాచారం దక్కుతుందని నిరూపించడం వేరు, అది వెలికివచ్చే దారిని చూపడం వేరు. ఈ రెంటి మధ్య దూరమే నేటి పరిశోధనకు క్షేత్రం.