ఈప్ర పట్టణమందలి మెనిన్ ద్వారము

కురుక్షేత్ర సంగ్రామము ముగిసిన పిదప గంగాతీరమున మృతులకు జలతర్పణములు జరుగుచుండగా, కుంతీదేవి దుఃఖము నాపుకొనలేక కర్ణునకును ఉదకము విడువుమని కొడుకులను కోరినది. అంతవఱకు దాచిన జన్మరహస్యమును ఆమె ఆ వేళ వెల్లడించుటకు కారణ మొక్కటే: పేరు పలుకక తర్పణము లేదు. ఈ ధర్మమెఱిగిన మనవారికి బెల్జియము దేశమందలి మెనిన్ ద్వారము పరాయి వింతగా తోపదు.

ఈప్ర ఫ్లాండర్సు సీమలోని ప్రాచీన పట్టణము. ఉన్నివస్త్రముల వర్తకముచే మధ్యయుగమున మిగుల ప్రసిద్ధి గాంచినది. 1304లో పూర్తియైన వస్త్రశాల దానికి శిరోభూషణము. ప్రథమ ప్రపంచయుద్ధమున ఈ పట్టణము రణరంగమైనది. 1914 నవంబరు 22న వస్త్రశాల ఫిరంగిగుండ్లకు గుఱియై తగులబడగా, అందు భద్రపఱచిన పురాతన దస్తరము లన్నియు భస్మమయ్యెను. నాలుగేండ్లలో పట్టణము రాళ్లగుట్టయైనది.

మెనిన్ ఊరికి పోవు బాట కోటగోడను దాటుచోట నుండి అసంఖ్యాకులైన సైనికులు యుద్ధమునకు సాగిరి. అక్కడి పోరులలో భారతీయులును పాల్గొనిరి. 1914 అక్టోబరు 31న హోల్లెబెక్ కడ 129వ బలూచీ దళమునకు చెందిన ఖుదాదాద్ ఖాన్, తోడివారెల్ల కూలినను, తాను గాయపడియు మరతుపాకిని విడువక పోరి, విక్టోరియా క్రాసు పొందిన తొలి భారతసైనికుడయ్యెను. 1915 ఏప్రిలు 22న జర్మనులు క్లోరిన్ విషవాయువును వదలిరి. 26న లాహోరు డివిజను సైనికులు అట్టి వాయువు నెదుర్కొన్నప్పుడు వారికి తడిగుడ్డలే రక్ష.

యుద్ధానంతరము ఈప్ర శిథిలములను అట్లే నిలిపి స్మారకముగా నుంచవలెనని చర్చిల్ తలచెను. పురజనులు సమ్మతింపక తిరిగివచ్చి యిండ్లు కట్టుకొనిరి. అందుచే సర్ రెజినాల్డ్ బ్లొంఫీల్డు రూపకల్పన గావించిన మహాద్వారమే స్మారకమైనది. 1927 జూలై 24న లార్డ్ ప్లూమర్ దానిని ప్రారంభించెను. సమాధి తెలియరాని 54 వేలకు పైబడిన బ్రిటిషు సామ్రాజ్య సైనికుల పేర్లు దాని గోడలపై చెక్కబడినవి. భారతీయుల పేర్లు నాలుగువందలకు పైగా నున్నవి. అంతటి ద్వారమును చాలలేదు! 1917 ఆగస్టు నడిమి నుండి మరణించినవారిలో సుమారు 35 వేల మంది పేర్లను టైన్ కాట్ శ్మశానవాటికలో వ్రాయవలసి వచ్చెను. నేటికిని పొలములలో అస్థులు బయల్పడి మృతుడెవరో తేలినచో, అతనికి పేరుతో సమాధి కట్టుదురు. గోడ మీది పేరును తొలగింతురు. తీరిన బాకీకి లెక్కలో చెల్లు వ్రాయుట వంటి దిది.

1928 జూలై 2 మొదలు ఆ ద్వారము క్రింద సాయంత్రము 8 గంటలకు బండ్ల నాపి, పట్టణపు అగ్నిమాపక దళమువారు బూరలతో సైనిక వీడ్కోలు గీతము నూదు ఆచార మేర్పడినది. 1940 మే 20 నుండి జర్మనుల ఆక్రమణచే అది నిలిచిపోయెను. 1944 సెప్టెంబరు 6న పట్టణము విముక్తమైన నాటి సాయంత్రమే, పోరింకను ముగియకమునుపే, బూర మరల మ్రోగినది. నేటికిని మ్రోగుచున్నది.

కాని పేరు దక్కుట అందఱికి ప్రాప్తింపలేదు. మెసపొటేమియాలో మరణించి సమాధిలేని వారికై 1929లో బస్రాలో నెలకొల్పిన స్మారకమున భారతీయాధికారుల పేర్లు చెక్కిరి. సామాన్య సిపాయీలను దళము క్రింద సంఖ్యగా మాత్రమే చూపిరి. ఈప్రలో సిపాయికి దక్కిన పేరు బస్రాలో దక్కలేదు. ఇట్టి భేదము పాటించితిమని స్మారకముల సంస్థ 2021లో అంగీకరించి క్షమాపణ కోరినది.

సంఖ్యకు తల్లి లేదు, పేరునకు కలదు. కుంతీదేవి గంగయొడ్డున సిగ్గు విడిచి కోరిన దా పేరు పలుకుటయే. ఈప్ర ప్రజలు తమవారు కాని వారికి ప్రతి సాయంత్రము చేయుచున్నదియు అదియే. బస్రా సిపాయీల ఋణ మింకను తీరవలసియే యున్నది.