అమ్మమ్మ వీణ, అబ్బాయి ల్యాప్‌టాప్: ఏ సింథసైజర్ కొనాలి?

మా అబ్బాయి ఏ లెవెల్స్‌లో మ్యూజిక్ టెక్నాలజీ తీసుకున్నాడు. పియర్సన్ ఎడెక్సెల్ సిలబస్‌లో కంపోజిషన్‌కు 20 శాతం మార్కులు. అందులో సింథసిస్, శాంప్లింగ్ రెండూ వాడాలి. విజయనగరంలో ఉన్న అమ్మమ్మ బొబ్బిలి వీణ నాదం మెల్లగా సింథసైజర్ నాదంగా మారిపోవాలని వాడి ఆలోచన. అమ్మకు ఈమధ్య వేళ్ళ నొప్పులు. ఇంకెన్నాళ్ళు వాయించగలదో తెలియదు. అందుకే సాఫ్ట్‌వేర్ కొనేముందు నేనే కూర్చుని వివరాలు చదివాను. ఎప్పుడో చదివిన ఫిజిక్స్ ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా మార్ఫింగ్ అంటే ఏమిటో చూద్దాం. ఒక శబ్దం తగ్గిస్తూ ఇంకొకటి పెంచితే అది క్రాస్‌ఫేడ్. మధ్యలో రెండు వాయిద్యాలూ విడివిడిగా వినిపిస్తాయి. అసలైన మార్ఫింగ్‌లో శబ్దంలోని హార్మోనిక్స్ ఒక్కొక్కటిగా రెండోదాని హార్మోనిక్స్ వైపు జరుగుతాయి. మధ్యలో మూడో నాదం పుడుతుంది. ప్రకటనల్లో రెండింటినీ మార్ఫింగ్ అనే అంటారు, జాగ్రత్త.

వైటల్: మ్యాట్ టైటెల్ 2020లో విడుదల చేశారు. బేసిక్ వెర్షన్ ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. మన రికార్డింగ్‌ను వేవ్‌టేబుల్‌గా మార్చుకోవచ్చు. శాంపిల్‌ను ఉన్నదున్నట్టు వినిపించే స్లాట్ విడిగా ఒకటి ఉంది. గ్రాన్యులర్ లేదు.

సీరమ్: స్టీవ్ డూడా సంస్థ ఎక్స్‌ఫర్ రికార్డ్స్ 2014లో తెచ్చింది. 2025లో వచ్చిన సీరమ్ 2లో శాంపిల్, గ్రాన్యులర్, స్పెక్ట్రల్ ఆసిలేటర్లు చేరాయి. పాతది కొన్నవాళ్ళకు ఇది ఉచితం. కొత్తగా కొనేవాళ్ళకు మాత్రం ఖర్చే.

పిగ్మెంట్స్: ఫ్రాన్స్‌కు చెందిన ఆర్టూరియా 2018లో తెచ్చింది. రెండో వెర్షన్ నుంచి శాంపిల్, గ్రాన్యులర్ ఉన్నాయి. ఏ ముక్క ఎటు వెళ్తోందో తెరమీద కనిపిస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళకు సులువు. డెమో ఉంది.

ఆల్కెమీ: ఇది మన బ్రిటన్‌లోనే, క్యామెల్ ఆడియో అనే సంస్థలో పుట్టింది. 2015లో ఆపిల్ ఆ సంస్థను కొని, దీన్ని లాజిక్ ప్రోలో కలిపేసింది. నాలుగు శబ్దాలు దిగుమతి చేసుకుని వాటి మధ్య నిజమైన మార్ఫింగ్ చేయొచ్చు. విండోస్‌లో దొరకదు.

ఇక మా అనుభవం. ముందు వైటల్‌లో ప్రయత్నించాం. వీణ మీటు మాయమైంది, గమకం పోయింది. కారణం లెక్కవేస్తే తెలుస్తుంది. వేవ్‌టేబుల్‌లో ఎక్కువలో ఎక్కువ 256 ఫ్రేములు పడతాయి. 220 హెర్ట్జ్ స్వరంలో, 44,100 శాంపిళ్ళ రికార్డింగ్‌లో, ఒక్కో ఆవర్తనం దాదాపు 200 శాంపిళ్ళు. ఫ్రేముకు ఒక ఆవర్తనం చొప్పున వరసగా కోస్తే 256 ఫ్రేముల్లో పట్టేది సెకను పైచిలుకే. పైగా ప్రతి ఆవర్తనాన్నీ ఒకే పొడవుకు సాగదీస్తారు కాబట్టి శ్రుతిలోని కదలిక, అంటే గమకం, చెరిగిపోతుంది. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, ఆ పద్ధతే అంత.

అందుకే పని రెండుగా విడదీశాం. మీటు, గమకం ఉన్న మొదటి భాగాన్ని శాంపిల్‌గానే ఉంచాం. మీటిన తర్వాత సాగే నాదాన్ని మాత్రమే మార్ఫింగ్‌కు ఇచ్చాం. స్కూల్లో మాక్‌లు ఉండటంతో చివరి మార్పు ఆల్కెమీలో చేశాడు. ఇంట్లో సాధనకు వైటల్ సరిపోయింది. పౌండు కూడా ఖర్చు కాలేదు.

నా సలహా ఇది. మీ పిల్లల స్కూల్లో లాజిక్ ఉందేమో ముందు అడగండి. లేకపోతే వైటల్‌తో మొదలుపెట్టండి. గ్రాన్యులర్ తప్పనిసరి అనిపించాకే పిగ్మెంట్స్ డెమో, సీరమ్ 2 చూడండి.

అన్నిటికన్నా ముందు రికార్డింగ్ సంగతి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు, అది శబ్దాన్ని కుదించేస్తుంది. ఫోన్ రికార్డర్‌లో వేవ్ ఫైలుగా తీయించి, డాక్యుమెంట్‌గా పంపించమనండి. ఫ్యాన్ ఆపి, ఒక్కో స్వరం పూర్తిగా ఆగేదాకా వదలమనండి. అమ్మ ఒక్క మధ్యాహ్నం కూర్చుని రెండు స్థాయిల స్వరాలూ వాయించి పంపింది. సింథసైజర్ వచ్చే ఏడాదైనా కొనుక్కోవచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళు పాడేవాళ్ళో, వాయించేవాళ్ళో ఉంటే ఆ ఫైళ్ళు మాత్రం ఈ వారమే తెప్పించుకోండి.