గళ్ళ నుడికట్టు: సామాన్య విజ్ఞాన ప్రహేళికల చరిత్ర

గళ్ళ నుడికట్టు, లేదా పదబంధ ప్రహేళిక, నలుపు తెలుపు గళ్ళుగా విభజించిన చతురస్రంలో ఇచ్చిన ఆధారాలను బట్టి అడ్డంగానూ నిలువుగానూ మాటలు పూరించే అక్షరక్రీడ. ఒకే గడిలోని అక్షరం అడ్డం మాటకూ నిలువు మాటకూ ఉమ్మడిగా చెందుతుంది. ఒక మాట తెలిస్తే దానిని కోసుకుంటూ పోయే మరో మాట సగం తెలిసినట్టే కావడం ఈ ఆటకు ప్రాణం. ఆధారాల స్వభావాన్ని బట్టి వీటిలో మూడు రకాలు కనిపిస్తాయి: మాటకు సమానార్థకాన్ని ఇచ్చేవి, మాటను చమత్కారంగా దాచి ఇచ్చే గూఢ ప్రహేళికలు, కళలు, భూగోళం, క్రీడలు, ప్రకృతి వంటి రంగాలలోని పేర్లను అడిగే సామాన్య విజ్ఞాన ప్రహేళికలు. మూడవ రకానిదే ఇక్కడ ప్రధాన ప్రస్తావన. ఈ ప్రహేళికలలో చోటు దక్కేది గొప్ప పేర్లకే అనుకోవడం సహజమే కానీ, నూరేళ్ళు దాటిన దీని చరిత్రను చూస్తే ఏ పేరు గళ్ళలోకి చేరుతుందో నిర్ణయించేది ఆ పేరు ఖ్యాతి కంటే ఎక్కువగా దానిలోని అక్షరాలేనని తెలుస్తుంది.

పూర్వరూపాలు

అక్షరాలను గళ్ళలో పేర్చి రెండు దిశలలో చదివించే ప్రయత్నం చాలా పాతది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపే నగరపు శిథిలాలలో, ఐదేసి అక్షరాల ఐదు లాటిన్ మాటలను ఏ వైపు నుంచి చదివినా అవే మాటలు వచ్చేలా అమర్చిన చతురస్రం దొరికింది. భారతదేశంలో సంస్కృత కవులు దీనికి దీటైన విద్యను బంధకవిత్వం పేరుతో సాధన చేశారు. భారవి కిరాతార్జునీయం 15వ సర్గలో సర్వతోభద్రమనే బంధం ఉంది. ఎనిమిదేసి అక్షరాల నాలుగు పాదాలను గళ్ళలో రాసి చూస్తే అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే అక్షరాలు తిరిగి వస్తాయి. మాఘుడు శిశుపాలవధంలో ఇదే పనికి పూనుకున్నాడు. ప్రశ్నరూపంలో అర్థాన్ని దాచే ప్రహేళికలను దండి కావ్యాదర్శంలో లక్షణాలు చెప్పి పదహారు విధాలుగా వర్గీకరించాడు. అయితే వీటన్నిటిలోనూ కవి కట్టి చూపిస్తాడు, పాఠకుడు చూసి ఆనందిస్తాడు. ఖాళీ గళ్ళను పాఠకుడి చేతికే అప్పగించడం 20వ శతాబ్దంలో వచ్చిన మార్పు.

తొలి ప్రహేళిక

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాకు వలస వెళ్ళిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు, తాను వినోదాల అనుబంధాన్ని చూసుకునే న్యూయార్క్ వరల్డ్ పత్రికలో 1913 డిసెంబర్ 21న 'వర్డ్ క్రాస్' అనే పేరుతో వజ్రాకారపు ప్రహేళికను ప్రచురించాడు. అందులో నల్లగళ్ళు లేవు, మధ్యభాగం మాత్రం ఖాళీగా ఉంది. ఆధారాలకు అడ్డం, నిలువు అనే విభజన కూడా లేదు. మాట మొదలయ్యే గడి అంకె, ముగిసే గడి అంకె రెండూ ఇచ్చారు. కొద్ది వారాలకే అచ్చుకూర్పులో మాటలు తారుమారై 'క్రాస్‌వర్డ్' అని పడడంతో ఆ పేరే నిలిచిపోయింది.

ఆ మొదటి ప్రహేళికలోనే సామాన్య విజ్ఞానం ఉంది. రష్యాలోని ఒక నదిని అడిగితే నీవా అని పూరించాలి. వేటాడే జంతువంటే సింహం. పరిమళపు మొక్కంటే జటామాంసి జాతికి చెందిన నార్డ్. వీటి పక్కనే గోముటి అనే ఆగ్నేయాసియా తాటిజాతి చెట్టు నారను ఇంగ్లీషులో ఏమంటారో కూడా అడిగారు. దానికి సమాధానమైన 'డో' అనే మూడక్షరాల మాట అప్పటి న్యూయార్క్ పాఠకులలో ఎందరికి తెలిసి ఉంటుందన్నది సందేహమే. గళ్ళలో మిగిలిన చోటుకు సరిపోయింది కనుకనే ఆ మాట అక్కడికి చేరింది. అక్షరాల అవసరం కోసం అరుదైన పేరును తెచ్చి పెట్టే అలవాటు ఆ విధంగా తొలిరోజునే మొదలైంది.

ఈ శీర్షికను క్రమశిక్షణలో పెట్టిన ఘనత మార్గరెట్ పెథర్‌బ్రిడ్జ్‌ది. వివాహానంతరం ఆమె మార్గరెట్ ఫరార్‌గా ప్రసిద్ధురాలైంది. కార్యదర్శిగా వరల్డ్ పత్రికలో చేరిన ఆమె, తప్పులతో అచ్చవుతున్న ప్రహేళికలపై పాఠకుల ఫిర్యాదులు చదివి, ప్రతి ప్రహేళికనూ తానే ముందుగా పూరించి చూసే పద్ధతిని పెట్టుకుంది. 1924 ఏప్రిల్‌లో సైమన్ అండ్ షూస్టర్ సంస్థ తన మొట్టమొదటి ప్రచురణగా, ఆమెతో పాటు మరిద్దరి సంపాదకత్వంలో ఒక ప్రహేళికల పుస్తకాన్ని, పెన్సిల్‌ను కూడా జతచేసి, విడుదల చేసింది. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయి అమెరికాను ఊపేసింది. నిఘంటువులకు గిరాకీ పెరిగింది, బాల్టిమోర్ అండ్ ఓహాయో రైల్వే తన బండ్లలో ప్రయాణికుల కోసం నిఘంటువులు ఉంచింది, నిఘంటువుల చుట్టూ విజ్ఞాన సర్వస్వాల చుట్టూ ప్రహేళికాభిమానులు మూగడంతో చదువరులకు అవి అందడం లేదని న్యూయార్క్ ప్రజా గ్రంథాలయం విచారం వెలిబుచ్చింది. ఈ ఆటను కాలహరణమని అప్పట్లో తీసిపారేసిన న్యూయార్క్ టైమ్స్, పెర్ల్ హార్బర్ దాడి తరువాత పాఠకులకు కొంత ఊరట అవసరమని భావించి 1942 ఫిబ్రవరి 15న తన ఆదివారం ప్రహేళికను ఫరార్ సంపాదకత్వంలోనే ప్రారంభించింది.

బ్రిటన్ మార్గం

బ్రిటన్‌లో డెయిలీ టెలిగ్రాఫ్ 1925లోనూ, ది టైమ్స్ 1930 ఫిబ్రవరి 1నా ప్రహేళికలు మొదలుపెట్టాయి. అక్కడ కొద్దికాలానికే రెండు పాయలు ఏర్పడ్డాయి. టార్కెమాడా అనే కలం పేరుతో ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ అబ్జర్వర్ పత్రికలో కూర్చినవి గూఢ ప్రహేళికలకు దారి చూపితే, అతని తరువాత వచ్చిన జిమెనీస్, అంటే డి.ఎస్. మాక్‌నట్, ఆధారం ఎంత చమత్కారంగా ఉన్నా పాఠకుడికి న్యాయంగా ఉండాలన్న నియమాలను 1966లో పుస్తకరూపంలో స్థిరపరచాడు. చమత్కారం జోలికి పోకుండా సూటిగా పేరు అడిగే పాయ సామాన్య విజ్ఞాన ప్రహేళికగా విడిగా ఎదిగింది.

సూటి ఆధారం కూడా ఎంత అలజడి రేపగలదో 1944లో తెలిసింది. మిత్రసైన్యాలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగడానికి రహస్యంగా సిద్ధమవుతున్న రోజులలో, మే 2న డెయిలీ టెలిగ్రాఫ్ అమెరికా రాష్ట్రాలలో ఒకటి ఏదని అడిగింది, సమాధానం యూటా. మే 22న మిస్సోరీ నది ఒడ్డున నివసించే ఆదివాసి తెగను అడిగింది, సమాధానం ఒమాహా. రెండూ భూగోళ పరిజ్ఞానానికి సంబంధించిన మామూలు ఆధారాలే. కానీ ఆ రెండూ సైన్యం దిగబోయే తీరభాగాలకు పెట్టిన రహస్యనామాలు. దాడి మొత్తానికి పెట్టిన ఓవర్‌లార్డ్ అనే పేరూ, మల్బరీ, నెప్ట్యూన్ అనే మరి రెండు పేర్లూ జూన్ మొదటి తేదీలోగా గళ్ళలోకి రావడంతో, కూర్పరి అయిన లియోనార్డ్ డా అనే పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి నిఘా అధికారులు ప్రశ్నించారు. దురుద్దేశమేమీ లేదని వారు నిర్ధారించుకున్నారు. గళ్ళు నింపడానికి మాటలు సూచించమని డా తన విద్యార్థులను అడిగేవాడనీ, సమీపంలోని సైనిక శిబిరంలో విన్న పేర్లను వారు అందించారనీ ఒక పూర్వవిద్యార్థి నాలుగు దశాబ్దాల తరువాత చెప్పాడు.

గళ్ళు ఎన్నుకునే పేర్లు

అమెరికా పద్ధతిలో తెల్లగళ్ళన్నీ అడ్డం మాటకూ నిలువు మాటకూ రెండింటికీ చెందాలి. చతురస్రాన్ని తలకిందులుగా తిప్పినా నల్లగళ్ళ అమరిక మారకూడదు. రెండక్షరాల మాటలు పనికిరావు. ఇంతటి బిగుతులో అచ్చులు ఎక్కువగా ఉన్న చిన్న మాటలే కూర్పరిని ఆదుకుంటాయి. అందువల్ల ఎరీ సరస్సు, ఎట్నా అగ్నిపర్వతం, ఆరల్ సముద్రం, స్విట్జర్లాండులోని ఆరె నది ఈ గళ్ళలో తరచుగా కనిపిస్తాయి. ప్రకృతిలో ఈమూ, ఐబిస్ కొంగ, తెల్లతోక సముద్రపు గద్దకు పాత పేరైన అర్న్. కళలలో ఆరియా అనే ఏకగానం, ఓబో అనే ఊదే వాద్యం, సంగీతకారులు యోకో ఓనో, బ్రయన్ ఈనో. క్రీడలలో బోస్టన్ ఐస్ హాకీ వీరుడు బాబీ ఆర్, 511 హోమ్ రన్లు కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు మెల్ ఆట్, 1975లో వింబుల్డన్ గెలిచిన ఆర్థర్ ఆష్. బ్రిటన్ పద్ధతిలో దాదాపు సగం గళ్ళు ఒకే మాటకు చెందుతాయి కనుక పొడవైన పేర్లకు చోటు దొరుకుతుంది కానీ, పేరు తెలియని పాఠకుడికి అడ్డుమాటల నుంచి అందే సాయం సగానికి పడిపోతుంది.

రెండు తెలియని పేర్లు ఒకే గడిలో కలుసుకుంటే ఏమవుతుందన్నది సామాన్య విజ్ఞాన ప్రహేళికకు అసలు పరీక్ష. 2008లో న్యూయార్క్ టైమ్స్ ప్రహేళిక ఒకదానిలో, బోస్టన్ మారథాన్ పరుగు సాగే దారిలోని నేటిక్ అనే చిన్న పట్టణం పేరు, పుస్తకచిత్రకారుడు ఎన్.సి. వైయెత్ పేరులోని మొదటి పొడి అక్షరం దగ్గర కలుసుకుంది. పొడి అక్షరాన్ని ఊహించడానికి ఆధారమేదీ ఉండదు. ఊరి పేరు తెలియని వారు ఆ గడిలో ఏ అక్షరమైనా రాయవచ్చు. రెక్స్ పార్కర్ అనే కలం పేరుతో ప్రహేళికలను విమర్శించే రచయిత దీనిని తప్పుపట్టి, అటువంటి కూడళ్ళన్నిటికీ నేటిక్ అన్న పేరే ఖాయం చేశాడు. భూగోళం, క్రీడ, కళ మూడూ కలిసిన ఆ గడి కూర్పరులకు నేటికీ హెచ్చరికగా నిలిచి ఉంది.

ఇందుకు పూర్తిగా ఎదురైన ఉదాహరణ 1996 నవంబర్ 5 నాటిది. అమెరికా అధ్యక్ష ఎన్నికల రోజున జెరెమయా ఫారెల్ కూర్చిన ప్రహేళిక, మరునాటి పత్రికలోని ప్రధానవార్త ఏదని అడిగింది. ఇంగ్లీషు వర్ణక్రమంలో అభ్యర్థులైన క్లింటన్ పేరుకూ, బాబ్ డోల్ పేరుకూ ఏడేసి అక్షరాలు. ఎవరి పేరు రాసినా నిలువు మాటలన్నీ సరిపోయేవి. మొదటి గడికి నిలువు ఆధారం హాలోవీన్ పండుగనాటి నల్లని ప్రాణి. క్లింటన్ అనుకున్న వారికి అది పిల్లి అవుతుంది, డోల్ అనుకున్న వారికి గబ్బిలం అవుతుంది. గళ్ళ నుడికట్టు చరిత్రలో ఇంతకు మించిన కూర్పు చూపడం కష్టం.

ఏది సామాన్య విజ్ఞానమన్న ప్రశ్నకు జవాబు కూడా కాలంతో మారింది. 1979లో మాంట్రియల్‌లో రూపకల్పన జరిగిన ట్రివియల్ పర్స్యూట్ అనే బల్లమీది ఆట భూగోళం, వినోదం, చరిత్ర, కళాసాహిత్యం, ప్రకృతి విజ్ఞానం, క్రీడలు అనే ఆరు విభాగాలతో 1980లలో ఇంటింటికీ చేరింది. 1993లో న్యూయార్క్ టైమ్స్ ప్రహేళికా సంపాదకుడైన విల్ షార్ట్జ్, నిఘంటువు మూలల్లోని మాటలను తగ్గించి సినిమాలు, పాటలు, వాణిజ్య నామాలు వంటి వర్తమాన విషయాలకు చోటిచ్చాడు. అతడే 1978లో ప్రారంభించిన అమెరికన్ ప్రహేళికా పోటీలో 2021లో డాక్టర్ ఫిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం మనుషులందరి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది.

భారతదేశంలో బహుమతి పోటీలు

భారతదేశంలో గళ్ళ నుడికట్టు న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కింది. ప్రవేశరుసుము కట్టించుకుని పెద్ద మొత్తాలు బహుమతిగా ప్రకటించే పోటీలు స్వాతంత్ర్యానికి అటూ ఇటూ విస్తరించాయి. వాటిలో చాలా గళ్ళకు రెండు మూడు మాటలు సమానంగా సరిపోయేవి. నిర్వాహకుల దగ్గర ముందే సీలు వేసి ఉన్న మాటతో ఎవరి మాట కలిస్తే వారికి సొమ్ము. అందులో విజ్ఞానానికి పాత్ర లేదు. ఆంధ్ర, హైదరాబాదు, మద్రాసు, బొంబాయి తదితర రాష్ట్రాల శాసనసభలు కోరిన మీదట పార్లమెంటు 1955లో ప్రైజ్ కాంపిటీషన్స్ చట్టం చేసి, నెలకు బహుమతుల విలువ వెయ్యి రూపాయలు మించరాదనీ, ప్రవేశపత్రాలు 2,000 దాటరాదనీ హద్దులు పెట్టింది. బెంగుళూరు నుంచి ఇటువంటి పోటీలు నడిపిన ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా వేసిన వ్యాజ్యాలలో సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెబుతూ, అటువంటి పోటీ జూదమేననీ, గెలుపు గణనీయంగా నైపుణ్యం మీద ఆధారపడే పోటీలకు ఈ చట్టం వర్తించదనీ స్పష్టం చేసింది. నైపుణ్యపు ఆటకూ జూదానికీ మధ్య గీత ఎక్కడన్న చర్చలో ఆ తీర్పులను నేటికీ ఉదహరిస్తున్నారు.

తెలుగు గళ్ళు

తెలుగులో ఈ ఆటకు సాహిత్య గౌరవం తెచ్చినవారిలో శ్రీశ్రీ, ఆరుద్ర ముఖ్యులు. శ్రీశ్రీ కూర్చినవి పదబంధ ప్రహేళికలుగా, ఆరుద్ర కూర్చినవి గళ్ళ నుడికట్లుగా పాఠకులకు చేరాయి. మాట తిరగబడింది, తోక తెగింది, శీర్షాసనం వేసింది, కలగాపులగమైంది అని సూచించే తెలుగు ఆధారాల బాణీ వారపత్రికల పాఠకులకు బాగా పరిచితం.

తెలుగులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతమూ, ఒత్తూ, సున్నా దానితోనే కలిసి ఉంటాయి. రాజమహేంద్రవరం అంతటి పేరు ఏడు గళ్ళలో ఇమిడిపోతుంది. కానీ రెండు మాటలు కలవాలంటే హల్లు ఒక్కటే సరిపోదు, గుణింతం కూడా కలవాలి. కనుక తెలుగు కూర్పరికి ఇంగ్లీషు కూర్పరిలా అచ్చులున్న చిన్న మాటలు కాక, రు, డు, లు, రం వంటి అక్షరాలతో ముగిసే మాటలు ఆసరా అవుతాయి. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడును అడ్డంగా రాస్తే, 1932లో భారత్ ఆడిన తొలి టెస్టుకు నాయకుడైన సి.కె. నాయుడు పేరులోని చివరి మాట నిలువుగా వచ్చి 'డు' దగ్గర చక్కగా కలుస్తుంది. నెల్లూరు చివరి గడిలోని 'రు' మీదుగా ఆరుద్రను నిలువుగా దించవచ్చు. ఆ మూడు గళ్ళకు ఆధారం రాసే దారులు కూడా మూడు ఉన్నాయి: రైతులు వానకు ఎదురుచూసే కార్తె, తొలకరికి నేల మీద కనిపించే ఎర్రని మఖమలు పురుగు, ఆ కలం పేరుతో రాసిన భాగవతుల శంకరశాస్త్రి. ఖగోళం, ప్రకృతి, సాహిత్యం ఒకే సమాధానంలో కలిసి రావడం తెలుగు ప్రహేళికకు దక్కిన అదృష్టం.

తెలుగు గళ్ళలో కలయికలు అరుదు కనుక, పేరు తెలియని పాఠకుడికి అడ్డుమాటల నుంచి అందే సాయమూ తక్కువే. ఈ లోటును ఆధారమే తీర్చాలి. ఊరి పేరు అడిగినప్పుడు జిల్లాతో పాటు అక్కడి నదినో గుడినో చెప్పడం, ఆటగాడిని అడిగినప్పుడు ఆటతో పాటు కాలాన్నీ చెప్పడం కూర్పరి బాధ్యత. సామాన్య విజ్ఞానం పేరుతో పాఠకుణ్ణి ఓడించడానికి మాత్రమే పనికివచ్చే పేరు, ఎంత చక్కగా గళ్ళలో ఇమిడినా, వదిలిపెట్టదగినదే.