పురిటిగది గుమ్మముపై పేర్లు

పురిటిగది గుమ్మమునకు తెలుగువారు వేపమండలు కట్టిరి. బాలింత తలగడ క్రింద ఇనుపముక్క నుంచిరి. శిశువునకు రక్షరేకు కట్టిరి. యూదులు ఆ గుమ్మముపై పేర్లు వ్రాసిరి.

వారి భయమునకు లిలిత్ అని పేరు. క్రీ. శ. 8, 10 శతాబ్దముల నడుమ వెలసిన 'బెన్ సిరా అక్షరమాల'లో ఆమె కథ కలదు. ఆదామువలెనే మట్టినుండి పుట్టిన లిలిత్ అతనికి లోబడ నొల్లక విడిచిపోయెను. సెనోయ్, సన్సెనోయ్, సెమంగెలోఫ్ అను ముగ్గురు దేవదూతలు ఆమెను వెంబడించిరి. మగశిశువుపై ఎనిమిది దినములును, ఆడశిశువుపై ఇరువది దినములును తనకు అధికారము కలదనియు, ఆ మువ్వురి పేర్లు గల రక్షరేకును చూచినచో శిశువును ముట్టననియు ఆమె ప్రమాణము చేసెను. అందుచే ఆ పేర్లు కాగితములపైనను వెండిరేకులపైనను వ్రాయబడి బాలింత గదికి చేరినవి. 1701లో ఆమ్‌స్టర్‌డాంలో అచ్చయిన 'రజియేల్ గ్రంథము' ఇట్టి యంత్రములకు వ్యాప్తి కలిగించెను. అంతకు చాల ముందే, 12వ శతాబ్దమున, మైమొనిడీస్ ఇట్టి వ్రాతలను గర్హించెను. అయినను తల్లులు వానిని విడువలేదు.

ఏల విడువలేదు? మగశిశువునకు ఎనిమిదవనాడు సున్నతి జరుగును గనుక ఆ గడువునకు మతకారణము కలదు. కాని ఆ దినముల అపాయము కల్పితము కాదు. మలినమైన కత్తితో బొడ్డు కోసినచో ధనుర్వాతము సోకి, తరచుగా మొదటి రెండు వారములలోనే శిశువు పాలు కుడువలేక మరణించును. సూతికాజ్వరమును ఆ రోజులలోనే తల్లులను కబళించెడిది; వైద్యుల చేతుల శుభ్రతచే దానిని అరికట్టవచ్చునని సెమ్మెల్వైస్ వియన్నాలో 1847లో చూపెను.

మనవారును ఈ దినములనే లెక్కించిరి. సుశ్రుతము తొమ్మిది బాలగ్రహములను పేర్కొన్నది; ఆరవరాత్రి షష్ఠీదేవిని కొలిచి జాగరణము చేయుట ప్రాచీనాచారము. రాయపూరులో, మా పండరీ వైపునను, నేటికిని ఆరవనాడు 'ఛఠీ' జరుపుదురు. ఐరోపా యూదులును సున్నతికి ముందటి రాత్రి శిశువు చెంత మేలుకొని యుండెడివారు.

2015లో భారతదేశమున నవజాతశిశువుల ధనుర్వాతము నిర్మూలింపబడినదని నిర్ధారించిరి; అనగా ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒకటికన్న తక్కువ. అది టీకా వలనను, శుభ్రమైన కాన్పు వలనను సిద్ధించినది. రక్షరేకు వలన కాదు. కాని ఏ రోజులలో శిశువును కనిపెట్టి యుండవలెనో రక్షరేకునకు ముందే తెలియును.